పాత జీపు బ్లాకుకు బేరం ముందా, కొలత ముందా?

విజయవాడ: పాత ఇనుము కొట్టులో కాటా మీద ఉన్నంతసేపూ అది పోత ఇనుము ముద్ద. మేస్త్రీ బల్ల మీదికి చేరితే అదే ఇంజను బ్లాకు. వస్తువు ఒకటే, ధరలు రెండు. ఈ రెండు ధరలకూ నడుమ తేడా ఎంత ఉండాలో కాటా చెప్పదు. అమ్మేవాడి మాట అసలే చెప్పదు. బ్లాకును కడిగి, ఆరబెట్టి, గేజి పెట్టి కొలిచినప్పుడే ఆ సంగతి తేలుతుంది.

అయితే పాత బ్లాకుల బేరాలు తరచు ఇందుకు తలకిందులుగా నడుస్తాయి. ముందు డబ్బు చేతులు మారుతుంది. తర్వాత బ్లాకు బోరింగు షెడ్డుకు వెళుతుంది. నాలుగు సిలిండర్లూ బోరు చేసి, కొత్త పిస్టన్లు కొన్న తర్వాత వాల్వు సీటు దగ్గర వెంట్రుకంత నెర్రె బయటపడుతుంది. అప్పుడు బ్లాకు ధర, బోరింగు కూలి, పిస్టన్ల ఖరీదు మూడూ పోయినట్లే. కొన్నవాడు అమ్మినవాణ్ణి నిలదీస్తాడు. "చూసుకునే కదా కొన్నావు" అని జవాబు వస్తుంది. మడ్డి పట్టిన బ్లాకులో చూడటానికి ఏముంటుంది?

తీసి పారేసినవే కావలసి వచ్చాయి

1960ల్లో వెలసిన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, లేతులు, బోరింగు యంత్రాలు, క్రాంకు గ్రైండింగు యంత్రాలు ఒకే చోట దొరుకుతాయి. ఇటువంటి చోట్లకు లారీ, ట్రాక్టరు ఇంజన్లతోపాటు పాత పెట్రోలు జీపు, అంబాసిడర్, ఫియట్ బ్లాకులు కూడా మరమ్మతుకు వస్తాయి.

జీపు ఇంజను కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ జీపులో అమర్చిన నాలుగు సిలిండర్ల ఇంజను బోరు 3 1/8 అంగుళాలు, స్ట్రోకు 4 3/8 అంగుళాలు. మొత్తం 134 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 2200 సీసీ. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన 'హరికేన్' ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులోకి వెళ్లాయి. బోరు, స్ట్రోకు మాత్రం అవే. మన పల్లెల్లో సమితి ఆఫీసు జీపు అంటే ఈ జాతిదే.

పెట్రోలు ధర భరించలేక పలువురు ఆసాములు తమ జీపుల్లోంచి పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించారు. దింపిన ఇంజను పశువుల కొట్టంలోకో, పాత ఇనుము కొట్టుకో చేరింది. ఇప్పుడు అదే ఇంజను కోసం మళ్లీ వెతుకులాట జరుగుతోంది.

కారణం అభిమానం ఒక్కటే కాదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు, అసలు రూపంలో ఉంటే, ఈ తరగతి కిందికి వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి రిజిస్ట్రేషనుకు 5,000 రూపాయలు. నెంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు వీటిని తిప్పుకోవచ్చు గాని, రోజువారీ పనికీ కిరాయికీ వాడరాదు. డీజిలు ఇంజను ఎక్కించిన పాత జీపు ఆసామీ ఈ తరగతి కోరుకుంటే, పారేసిన పెట్రోలు ఇంజను కోసం మళ్లీ వెతకవలసిందే. ఇందువల్లనే తూకానికి పోయే బ్లాకుకు బేరగాళ్లు పుట్టారు.

మొదటి చూపులో తేలేవి

బ్లాకు కడగక ముందు కూడా కొన్ని సంగతులు చూసుకోవచ్చు. పక్క గోడలో కన్నం గాని, అతుకు గాని ఉన్నదా? కనెక్టింగ్ రాడ్డు విరిగి గోడను పొడిచిన బ్లాకులకు పైన రంగు పూసి అమ్మడం కొత్త విద్య ఏమీ కాదు. కొత్తగా రంగు వేసిన పాత బ్లాకును ఒకటికి రెండుసార్లు చూడాలి.

తర్వాత మెయిన్ బేరింగు క్యాపులు చూడాలి. జీపు ఇంజనుకు ఇవి మూడు. క్యాపును బ్లాకుకు బిగించిన తర్వాతనే ఫ్యాక్టరీలో ఆ రంధ్రాన్ని కోస్తారు. కాబట్టి ఏ బ్లాకు క్యాపు ఆ బ్లాకుదే. ఒకటి పోయి మరో బ్లాకుది పెడితే రంధ్రం గుండ్రంగా ఉండదు, క్రాంకు పట్టేస్తుంది. అప్పుడు అన్నిటినీ కలిపి లైన్ బోరింగు చేయించాలి. క్యాపులు లేని బ్లాకుకు ధర ఆ మేరకు తగ్గించవలసిందే. విప్పేటప్పుడు క్యాపుకూ బ్లాకుకూ ఒకే గుర్తు కొట్టుకోవడం, ఏ వైపు ముందుకు ఉండాలో గీసుకోవడం మంచి మేస్త్రీ మొదటి పని.

మూడోది బోల్టు రంధ్రాలు. హెడ్డు స్టడ్డులు లోపలే విరిగి ఉన్నా, మరలు అరిగిపోయి ఉన్నా ఒక్కొక్కటీ ఖర్చే. నాలుగోది ఇంజను నెంబరు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

కడగనిదే కనబడదు

కడగడమంటే కిరసనాయిలు చల్లి బ్రష్షుతో రుద్దడం కాదు. ముందు బ్లాకును పూర్తిగా ఖాళీ చేయాలి. వాటర్ జాకెట్టు పక్కన గుండ్రంగా ఉండే రేకు మూతలు, ఆయిలు దారులకు బిగించిన మరలు, కామ్ షాఫ్టు బుష్షులు, ఇత్తడి, అల్యూమినియం భాగాలు అన్నీ తీసివేయాలి. వేడి కాస్టిక్ సోడా నీళ్లు పోత ఇనుముకు హాని చేయవు గాని అల్యూమినియాన్ని తినేస్తాయి.

తొట్టిలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే మరిగి ముఖాన చిందుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ఈ పని చేయరాదు. వాడిన నీటిని పక్క కాల్వలోకి వదలడం ఊరికి చేసే అన్యాయం.

పాత జీపుల్లో కాల్వ నీళ్లూ, బోరు నీళ్లూ పోసి ఏళ్ల తరబడి తిప్పి ఉంటారు. ఆ సున్నపు పొర, తుప్పు పొడి వాటర్ జాకెట్టు అడుగున గట్టిపడి ఉంటాయి. నీటి పంపు ముందు వైపు ఉంటుంది గనుక వెనక సిలిండరు చుట్టూ ఈ మడ్డి ఎక్కువ చేరుతుంది. అక్కడ నీరు తిరగక ఆ సిలిండరు వేడెక్కుతుంది. రేకు మూతలు తీసి, వంచిన ఇనుప చువ్వతో గోకి, నీటి ధారతో కడగకపోతే, పైన ఎంత మంచి బోరింగు చేసినా ఇంజను మళ్లీ వేడెక్కడం ఖాయం.

కడిగిన వెంటనే వేడినీళ్లతో తొలిచి, గాలి కొట్టి ఆరబెట్టి, నూనె పూయాలి. కోస్తా గాలిలో తడి పోత ఇనుము చూస్తుండగానే ఎర్రబారుతుంది.

నెర్రె ఉన్న చోటును బట్టి ధర

కడిగిన బ్లాకును తాడు మీద వేలాడదీసి చిన్న సుత్తితో తట్టడం పాతకాలపు పరీక్ష. మంచి బ్లాకు ఖంగుమంటుంది. పగిలినది పగిలిన కుండలా పలుకుతుంది. అయితే చిన్న నెర్రెలు ఈ పరీక్షకు దొరకవు.

రెండోది కిరసనాయిలు పరీక్ష. అనుమానం ఉన్న చోట కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దాలి. నెర్రెలో దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్ద మీద గీతలా కనిపిస్తుంది. ఖర్చు లేని పరీక్ష ఇది. పల్లెలో బేరం చేసే చోట కూడా చేయవచ్చు.

మూడోది అయస్కాంత పరీక్ష. బ్లాకును అయస్కాంతంతో పట్టించి సన్నని ఇనుప రజను చల్లితే నెర్రె వెంట రజను బారు తీరుతుంది. నాలుగోది అన్నిటికన్నా నమ్మకమైన ఒత్తిడి పరీక్ష. నీటి రంధ్రాలన్నీ రబ్బరు, పలకలతో మూసి, వాటర్ జాకెట్టులోకి రెండు నుంచి నాలుగు కిలోల ఒత్తిడితో గాలి పంపి, నీటి తొట్టిలో ముంచాలి. బుడగ వచ్చిన చోట నెర్రె ఉన్నట్టు.

జీపు బ్లాకులో ముఖ్యంగా వెతకవలసిన చోటు ఒకటుంది. యుద్ధకాలపు ఇంజనులో రెండు వాల్వులూ బ్లాకులోనే ఉంటాయి. హరికేన్‌లోనూ ఎగ్జాస్టు వాల్వు బ్లాకులోనే. కాలిన వాయువు పోయే దారి, సిలిండరు గోడ పక్కపక్కనే ఉండడంతో వాల్వు సీటు నుంచి బోరు వైపు నెర్రె పడుతుంది. నీళ్లు లేక మండుతున్న ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు కుమ్మరించడం ఇందుకు దారి తీస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు వాల్వులన్నీ హెడ్డులో ఉంటాయి కనుక దాని బ్లాకుకు ఈ బెడద లేదు.

నెర్రె ఉన్నంత మాత్రాన బ్లాకు చెత్త కాదు. వాటర్ జాకెట్టు బయటి గోడ మీది నెర్రెకు రెండు చివర్లా రంధ్రాలు వేసి, వరుసగా మరలు దింపి, వేడి తగలకుండా కుట్టవచ్చు. పోత ఇనుమును చల్లగా ఉండగా మామూలు వెల్డింగు చేస్తే పక్కనే మరో నెర్రె పుడుతుంది. అతకాలంటే నికెల్ కడ్డీ వాడి, ముందు వేడి చేసి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. సీటుకూ బోరుకూ నడుమ నెర్రె అయితే సిలిండరుకు స్లీవు, వాల్వుకు కొత్త సీటు రెండూ వేయవలసి రావచ్చు. మెయిన్ బేరింగును మోసే అడ్డగోడలో నెర్రె ఉంటే మాత్రం ఆశ వదులుకోవడం మంచిది. దానికి తూకం ధరే ధర.

మూడు చోట్ల, రెండు వైపుల

ఇక కొలత. వర్క్‌షాపు భాషలో 'థౌ' అంటే అంగుళంలో వెయ్యో వంతు. సిలిండరును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవాలి. ప్రతి చోటా క్రాంకు పొడవునా, దానికి అడ్డంగా రెండు వైపుల కొలవాలి. ఒక సిలిండరుకు ఆరు లెక్కలు, నాలుగింటికి ఇరవై నాలుగు. కాగితం మీద రాసుకోవాలి.

పై రింగు ఆగే చోట అరుగుదల ఎక్కువ. రింగులు తగలని అడుగు భాగం దాదాపు అరగదు. కాబట్టి అడుగు కొలత చూస్తే ఆ బ్లాకు ఇంతకుముందు ఎన్నిసార్లు బోరు అయిందో తెలుస్తుంది. జీపు బ్లాకు అడుగున 3.125 అంగుళాలు ఉంటే అది ఎవరూ చేయి పెట్టని స్టాండర్డు బ్లాకు. 3.155 ఉంటే 30 థౌ అప్పటికే కోసేశారన్నమాట. "ఒక్కసారి కూడా బోరు కాలేదండీ" అన్న మాట నిజమో కాదో ఈ ఒక్క కొలత తేలుస్తుంది.

పై కొలతకూ కింది కొలతకూ, అడ్డానికీ పొడవుకూ తేడా 5 థౌ దాటితే రీబోరు తప్పదు. తర్వాత హెడ్డు కూర్చునే ముఖం మీద నిటారు బద్ద పెట్టి ఫీలరు గేజి దూర్చి చూడాలి. 4 థౌ రేకు దూరితే ముఖం వంగినట్టే, ఫేసింగు చేయించాలి.

కోసిన లోహం తిరిగి రాదు

పాత ఇంజను పిస్టన్లు 10, 20, 30, 40 థౌ ఓవర్‌సైజుల్లో వస్తాయి. 40 థౌ అంటే బోరు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, గోడ ఒక్కో వైపు అర మిల్లీమీటరు పలచనవుతుంది. దీనివల్ల జీపు ఇంజను పరిమాణం పెరిగేది నూటికి 2.6 వంతులే. కాబట్టి బోరు పెంచితే బలం పెరుగుతుందనేది భ్రమ. బోరింగు అరుగుదల పోవడానికే. 10 థౌతో అరుగుదల పోయేటప్పుడు 30 థౌ కోయడం బ్లాకు ఆయుష్షులో రెండు మెట్లు వృథా చేయడమే.

అందుకే పిస్టన్లు ముందు, బోరింగు తర్వాత. ఆ సైజు పిస్టన్లు చేతికి రాకుండా బ్లాకును యంత్రం ఎక్కించరాదు. పాత బండ్లకు అన్ని సైజులూ అన్ని వేళలా దొరకవు. పిస్టన్లు వచ్చాక ఒక్కొక్కదాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగిన సందుతో దాని సిలిండరును కోయాలి. జీపు పిస్టనుకు ఈ సందు 3 థౌ ప్రాంతంలో ఉంటుంది. చివరి రెండు మూడు థౌ లోహం హోనింగు రాయికి వదలాలి. హోనింగు గీతలు ఒకదానికొకటి అడ్డంగా, అల్లికలా పడాలి. ఆ గీతల్లో నిలిచిన నూనే కొత్త రింగులను కాపాడుతుంది. కోసిన వేడి మీద కొలవరాదు. జీపు బోరు 20 డిగ్రీల వేడి తేడాకు ముప్పావు థౌ దాకా వ్యాకోచిస్తుంది.

40 థౌ కూడా దాటిన బ్లాకుకు స్లీవులు దింపి మళ్లీ స్టాండర్డుకు తేవచ్చు. కాని ఆ ఖర్చు ధరలోంచి తీసివేయాలి.

వంద రూపాయల లెక్క

ధర కట్టే పద్ధతి చిక్కైనదేమీ కాదు. మొదట, పూర్తిగా తయారైన బ్లాకు బజారులో ఎంత పలుకుతుందో విచారించాలి. అందులోంచి తయారీ ఖర్చులు, తర్వాత నష్టభయం తీసివేయాలి. మిగిలినదే కొనదగిన గరిష్ఠ ధర. లెక్క సులువు కావడానికి తయారైన బ్లాకు విలువ వంద రూపాయలనుకుందాం. ఇవి బజారు రేట్లు కావు, లెక్క తీరు మాత్రమే.

కడగడం, పరీక్షలు 10. బోరింగు, హోనింగు 15. ఫేసింగు 5. రవాణా, నష్టభయం 12. మొత్తం 42. ఇటువంటి బ్లాకుకు 58 రూపాయలకు మించి ఇవ్వరాదు. ఒక సిలిండరుకు స్లీవు 10, వాల్వు సీట్లు 8 అదనంగా కావలసి వస్తే కొనుగోలు ధర 40కి దిగుతుంది. అదే బ్లాకును కడిగి పరీక్షించి కాగితం మీద కొలతలతో అమ్మితే నష్టభయం దాదాపు పోతుంది. అమ్మేవాడు ఆ మేరకు ఎక్కువ అడగవచ్చు, కొనేవాడు సంతోషంగా ఇవ్వవచ్చు. కొలత ఇద్దరికీ లాభమే.

అమ్మకందారు కడిగించకపోతే ఒక మధ్యేమార్గం ఉంది. కొద్దిపాటి బయానా ఇచ్చి బ్లాకు తెచ్చుకోవాలి. కడుగుడు, ఒత్తిడి పరీక్ష ఖర్చు కొనేవాడు పెట్టుకోవాలి. నెర్రె కనిపిస్తే బ్లాకు వాపసు, బయానా వాపసు. కనిపించకపోతే అనుకున్న ధర చెల్లించాలి. ఈ షరతును చీటీ మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర తూకం ధరకు మించి పెట్టడం జూదమే.

నెంబరు పోతే బండి పోయినట్టే

ఇంజను నెంబరు బ్లాకు మీదే ఉంటుంది, రిజిస్ట్రేషను పత్రంలోనూ ఉంటుంది. ఆసామీ తన అసలు బ్లాకునే బాగు చేయించుకోగలిగితే అంతకన్న మేలు లేదు. నాలుగు స్లీవుల ఖర్చు అయినా కాగితాల బాధ తప్పుతుంది. వేరే బ్లాకు వేస్తే మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం 14 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి పత్రంలో మార్పు రాయించుకోవాలి. కొన్న బ్లాకుకు రసీదు, అది ఏ బండిదో చెప్పే కాగితం తప్పనిసరిగా తీసుకోవాలి.

నెంబరు గీకివేసిన బ్లాకు ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోరాదు. పాత నెంబరు చెరిపి కొత్తది కొట్టించడం నేరం. ఫేసింగుకు, రంగుకు ఇచ్చేటప్పుడు నెంబరు ఉన్న చోటు చూపించి, దాని మీద యంత్రం గాని ఎమెరీ గాని తగలరాదని ముందే చెప్పాలి. నెంబరు ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.

ఆఖరి కడుగు మరువరాదు

బోరింగు, హోనింగు అయిపోయిన బ్లాకు నిగనిగలాడుతుంది. కాని హోనింగు రాతి పొడి ఆ గీతల్లోనే కూర్చుని ఉంటుంది. పెట్రోలుతో, కిరసనాయిలుతో తుడిస్తే పైన నూనె పోతుంది గాని పొడి కదలదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో సిలిండరు గోడలను గట్టిగా తోమాలి. ఆయిలు దారుల్లో పొడవాటి సన్న బ్రష్షు దూర్చి కడగాలి. ఆరిన తర్వాత తెల్ల గుడ్డకు నూనె అద్ది సిలిండరు తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. బూడిద రంగు అంటితే మళ్లీ సబ్బు, మళ్లీ నీళ్లు. ఈ పని బద్ధకిస్తే ఆ పొడి కొత్త రింగులను, బేరింగులను ఆకురాయిలా అరగదీస్తుంది.

ఆ జీపు ఇంజను కొత్తగా తయారు కాదు. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది. ఉన్న బ్లాకుల్లో ఒకటి తెలియక పాడుచేస్తే లెక్కలో ఒకటి తగ్గినట్టే. పశువుల కొట్టంలో పాత బ్లాకు ఉన్న రైతు దాన్ని కాటాకు పంపే ముందు ఒకసారి కడిగించి కొలిపించాలి. కొనే అభిమాని జేబులో చెయ్యి పెట్టే ముందు సుద్దముక్క, కిరసనాయిలు సీసా వెంట తీసుకెళ్లాలి. ఖర్చు కొద్ది రూపాయలే. బేరం ఏ అంకె దగ్గర ఆగాలో అవే చెబుతాయి.